ఎల్లారెడ్డికి నేను పంపిన కనెక్షన్లు

నా ఉద్యోగకాలంలో అమ్మిన బోరు మోటార్లన్నిటి మీదా ఒట్టు వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. అవన్నీ ఇంకా తిరుగుతున్నాయా అని అడగకండి. ఒట్టు చెల్లాలంటే మోటారు తిరుగుతూ ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. అది చాలదంటే మా ఇంటి కుళాయి మీద కూడా ఒట్టు. వారానికి రెండు రోజులు వస్తుంది. అంతకంటే పవిత్రమైన వస్తువు నా దగ్గర లేదు.

నన్ను కంపెనీ నలభై తొమ్మిదో ఏట రిటైర్ చేసింది. కాగితం మీద 'స్వచ్ఛంద పదవీ విరమణ' అని రాసింది. అందులో స్వచ్ఛందం కంపెనీ వంతు, విరమణ నా వంతు. అప్పటి నుంచి సేల్స్ ఉద్యోగాల్లో కొత్తగా చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు నా దగ్గరికి వచ్చి, వ్యాపార సంబంధాలు ఎలా పెంచుకోవాలి, ఆన్‌లైన్‌లో నెట్‌వర్క్ ఎలా కట్టాలి అని అడుగుతుంటారు. అడగవలసిన మనిషినే అడుగుతున్నారు. 2012లో ఎల్లారెడ్డి చుట్టుపక్కల రెండు వందల మందితో నెట్‌వర్క్ కట్టి, దాన్ని ఒక్క పూటలో కూల్చిన వాణ్ని నేనే.

ముందు పాత పద్ధతి చెబుతాను. మా ఆఫీసు కామారెడ్డిలో, ఎరువుల దుకాణం పైన ఒక గది. నా ఏరియా భిక్నూర్ నుంచి ఎల్లారెడ్డి దాకా. పని పేరు సేల్స్ గానీ, నేను చేసేది కూర్చోవడం. దోమకొండలో ఒక దుకాణంలో గంట, బీబీపేటలో ఇంకో దుకాణంలో గంట. చాయ్ తాగడం, 'వానలు ఎట్లున్నయి' అనడం, డీలరు కూతురి పెళ్లికి పోవడం, డీలరు తండ్రి దినాలకు పోవడం. పెళ్లికి పోతే ఆర్డరు రావచ్చు, రాకపోవచ్చు. దినాలకు పోకపోతే మాత్రం ఉన్న ఆర్డరు పోతుంది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, రాసుకోండి.

ఆ కరువు రోజుల్లో మోటార్లు అమ్మడం కష్టం కాదు, దించడం కష్టం. భిక్నూర్ దగ్గర ఒక బోరు ఎంత లోతు వేశారంటే, మోటారు దించి స్విచ్ వేస్తే మొదటి అరగంట వేడి గాలి వచ్చింది. ఆ గాలికి పక్కనున్న వాళ్లు మక్క కంకులు కాల్చుకున్నారు. నేనూ ఒకటి తిన్నాను, ఉప్పు తక్కువైంది.

ఎల్లారెడ్డి డీలరును అందరూ సేటు అనేవారు. అరవై దాటిన మనిషి. బస్టాండు నుంచి నాలుగు అడుగులు వేస్తే ఆయన దుకాణం. మోటార్లు, పైపులు, స్టార్టర్లు అమ్మేవాడు. నేను చూసిన వ్యాపారులందరిలోనూ తక్కువ మాట్లాడే వ్యాపారి ఆయనే. రైతు వచ్చి మోటారు మీద చెయ్యి పెట్టి, "సేటూ, తీస్కోవచ్చునా?" అని అడుగుతాడు. సేటు "తీస్కో" అంటాడు, లేదా "వద్దు" అంటాడు. అంతే. గ్యారంటీ కార్డు ఎవరూ అడిగేవారు కాదు. ఆ రెండు మాటలే ఆయన దుకాణం, మిగతాదంతా రేకుల షెడ్డు. ఆయన "వద్దు" అన్న మా కంపెనీ మోడల్ ఒకటి ఎల్లారెడ్డిలో ఒక్కటి కూడా అమ్ముడుపోలేదు. దాన్ని ఊరికి ఉచితంగా ఇస్తామన్నా ఎవరూ తీసుకునేవారు కాదు.

నన్ను ఆయన తమ్మీ అనేవాడు. ఆ పిలుపు కోసం నేను ఆరేళ్లు చాయ్ తాగాను.

ఇలా సుఖంగా ఉండగా హైదరాబాదు నుంచి కొత్త మేనేజరు వచ్చాడు. వయసు ముప్పై లోపు, చదువు మాత్రం మా డీలర్లందరి వయసులు కలిపినంత. మమ్మల్ని కామారెడ్డిలో ఒక హోటలు హాలులో కూర్చోబెట్టి గోడ మీద బొమ్మలు వేశాడు. "వ్యాపార సంబంధానికి నాలుగు స్తంభాలు" అన్నాడు. మొదటిది నమ్మకం, రెండోది సంభాషణ, మూడోది నిరంతరత. నాలుగోది చెప్పబోతుంటే కరెంటు పోయింది. ఆ నాలుగో స్తంభం ఏమిటో నాకు ఈ రోజుకూ తెలియదు. దాని పేరు జనరేటర్ అయి ఉండవచ్చు.

చీకట్లోనే ఆయన అసలు సంగతి చెప్పాడు. ఇక చాయ్ తాగుతూ తిరిగే కాలం అయిపోయింది. వ్యాపారస్తుల కోసం ఆన్‌లైన్‌లో ఒక నెట్‌వర్క్ ఉంది. మేమందరం అందులో చేరాలి, మా డీలర్లనూ రైతులనూ చేర్చాలి. ఒకరికొకరు పంపుకునే పిలుపు పేరు కనెక్షన్. "మూడు నెలల్లో ఒక్కొక్కరికి నూటయాభై కనెక్షన్లు ఉండాలి. లేనివాళ్ల ఏరియా మారుతుంది" అన్నాడు.

అప్పటికి నాకు తెలిసిన నెట్ దోమలది. కాబట్టి కామారెడ్డి బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపే చెల్లె దగ్గరికి పోయాను. ఇద్దరు పిల్లల తల్లి. పాస్‌పోర్టు ఫారాల నుంచి పెళ్లి కార్డుల దాకా అన్నీ కొట్టేది. నన్ను కూర్చోబెట్టి, ఫోటో ఎక్కించి అడిగింది.

"అన్నా, నీకేం వస్తదో గీడ రాయాలె. స్కిల్స్ అంట. ఏం కొట్టాలె?"

"మాట్లాడుడు వస్తది."

"గది చూస్తనే ఉన్న. ఇంకేమన్నా?"

"కూసునుడు."

ఆమె ఏదో కొట్టింది. తర్వాత ఎవరో చదివి చెప్పారు, 'స్థిరమైన క్షేత్రస్థాయి సంబంధాల నిపుణుడు' అని ఇంగ్లీషులో ఉందట. కూర్చోవడానికి అంత పెద్ద పేరు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మరునాడే ఎల్లారెడ్డి బస్సు ఎక్కాను. సేటు గల్లా పెట్టె దగ్గర కూర్చుని బోల్టులు ఏరుతున్నాడు. చాయ్ వచ్చింది. నేను నా జీవితంలోని అతి ఖరీదైన వాక్యం పలికాను.

"సేటూ, మీకు కనెక్షన్ పంపిస్తున్న. ఊకె ఒప్పుకుంటే సాలు. మీ రైతులు ఎవలున్నా చెప్పుండ్రి, అందరికి పంపిస్త."

తమ్ముళ్లూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీ ఫోనులో కనెక్షన్ అంటే మనిషి. ఆ రోజుల్లో, ఆ ఊళ్లో, బోరు వేసుకున్న వాడికి కనెక్షన్ అంటే ఒక్కటే అర్థం, కరెంటు. బోరు పడ్డా, నీళ్లు పడ్డా, మోటారు కొన్నా, కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టి వరుస కోసం చూడాలి. స్తంభాలు రావాలి, వైరు రావాలి, ట్రాన్స్‌ఫార్మర్ రావాలి. అవి వచ్చే లోపు పొలం పక్క రైతు మోటారు మీద ఆధారపడాలి, ఆయన మొహం చూస్తూ బతకాలి. అలాంటి ఊరికి పోయి నేను ప్రసాదం పంచినట్టు కనెక్షన్లు పంచుతానన్నాను.

సేటు బోల్టులు ఏరడం ఆపాడు.

"నువ్వు పంపిస్తవా తమ్మీ? కనెక్షన్?"

"మా కంపెనీ పంపిస్తది సేటూ. కొత్త పద్ధతి. అంత ఆన్‌లైన్."

"పైసలెన్నో?"

"ఒక్క పైస లేదు. ఫ్రీ."

"అందరికి ఒక్కసారే వస్తదా, వరుసగ వస్తదా?"

"బటన్ నొక్కుడే. నొక్కంగనే వస్తది."

ఆయన ఏరిన బోల్టులను డబ్బాలో పోసి మూత పెట్టాడు. ఆరేళ్లలో నేను ఆయనకు ఒక్క అబద్ధం చెప్పలేదు. చెప్పిన కోతలన్నీ మోటార్ల గురించి కావు, బోర్ల లోతు గురించి. "సరే మరి" అన్నాడు సేటు.

వారం తిరగకుండా బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి ఒక సంచి పంపించాడు. అందులో అరవై మంది ఫోటోలు, ఫోను నంబర్లు. ప్రతి దానికీ భూమి పాస్‌బుక్ జిరాక్స్ పిన్ను కొట్టి ఉంది. నేను మురిసిపోయాను. పాస్‌బుక్ ఎందుకని అనుమానం రాలేదా అంటారేమో. మన దగ్గర సిమ్ కార్డు కొన్నా ముందుజాగ్రత్తగా పాస్‌బుక్ జిరాక్స్ పెట్టే రైతులుండేవారు. తర్వాతి వారం ఇంకో సంచి, ఆ తర్వాత ఇంకోటి.

చెల్లె ఒక్కొక్కరికీ ఖాతా తెరిచి, ఒక్కొక్కరితో నన్ను కలిపేది. ఉద్యోగి నంబరు గడి ఖాళీగా ఉంటే సర్వే నంబరు కొట్టేది. ఒక రోజు కాగితం తిప్పి చూసి ఆగింది.

"అన్నా, గీళ్లందరు కాయితం ఎనుక 'ఐదు హెచ్‌పీ', 'మూడు హెచ్‌పీ' అని రాసిండ్లు. గీ అవ్వ అయితే 'బోరు పడ్డది, నీళ్లు ఉన్నయి, జెల్ది ఇయ్యుండ్రి' అని రాయించింది. ఏం ఇయ్యాలె అన్నా?"

"దోస్తాన్ ఇయ్యాలె" అన్నాను.

"దోస్తాన్‌కు ఐదు హెచ్‌పీ ఎందుకు?"

"నువ్వు కొట్టు చెల్లే. ఇంక ముప్పై అయితే నూటయాభై అయితది."

ఆమె నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. పని ఎక్కువై విసుక్కుంటోందనుకున్నాను. అనుకోవడం సులువు. లెక్క పెరుగుతున్నప్పుడు అర్థాలు అడిగేవాడు సేల్స్‌లో పనికిరాడు.

ఇంకోవైపు ఎల్లారెడ్డిలో మా మోటార్లు జాతరలో బొరుగుల్లా పోతున్నాయి. సేటు "తీస్కో" అంటున్నాడు, రైతులు తీసుకుంటున్నారు. కనెక్షన్ వస్తోంది కదా, మోటారు సిద్ధంగా ఉండొద్దా. ఇదంతా నా ఆన్‌లైన్ మహిమేనని మేనేజరు నమ్మాడు, మేనేజరు నమ్మాడు కాబట్టి నేనూ నమ్మాను. కనెక్షన్లు రెండు వందలు దాటాయి. కంపెనీ మొత్తంలో నేనే మొదటివాణ్ని. నాకొక ప్రశంసాపత్రం ఇస్తామని, ఈ గ్రామీణ నెట్‌వర్క్‌ను కళ్లారా చూడడానికి తానే వస్తానని మేనేజరు కబురు చేశాడు.

ఆ రోజు సేటు దుకాణం ముందు షామియానా వేయించాం. పొద్దున పదింటికే రెండు వందల మంది దాకా కూర్చున్నారు. డప్పులు పెట్టారు. మేనేజరు కారు దిగగానే ముగ్గురు పూలదండలు వేశారు. ఒకాయన కాళ్లు మొక్కబోతే ఆయన గంతేసి వెనక్కి జరిగాడు. "ఇంత ఎంగేజ్‌మెంట్ నేనెక్కడా చూడలేదు" అని నా చెవిలో అన్నాడు. ఊరి పోచమ్మ తల్లే దిగి వచ్చినా ఇంత ఎంగేజ్‌మెంట్ ఉండదు సార్ అందామనుకుని ఊరుకున్నాను.

మైకు తీసుకుని మాట్లాడాడు. "మీ అందరి కనెక్షన్లూ ఇప్పుడు మా దగ్గర యాక్టివ్‌గా ఉన్నాయి" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. చప్పట్లు ఆగాక ముందు వరుసలో ఒక రైతు లేచాడు.

"సంతోషం సారూ. మరి స్తంభాలు ఎప్పుడొస్తయి?"

మేనేజరు మొహం వెలిగిపోయింది. తన బొమ్మలు పల్లె దాకా పోయాయని అనుకున్నాడు. "స్తంభాల గురించి అడిగారు, చాలా సంతోషం. మొత్తం నాలుగు స్తంభాలు" అన్నాడు.

రైతు వెనక్కి తిరిగి జనాన్ని చూశాడు. మళ్లీ ముందుకు తిరిగాడు. "నాలుగేనా సారూ? రెండు వందల మందిమి ఉన్నం. నాలుగు స్తంభాలు మా వాగు దాకా కూడ రావు."

"ఆ నాలుగూ గట్టిగా ఉంటే ఎంత దూరమైనా వెళ్లొచ్చు."

"వైరు తెగుతది సారూ" అన్నాడు ఇంకొకాయన, ఓపికగా, పట్నం పిల్లవాడికి చెప్పినట్టు. "ఏ లైను మీదికెళ్లి ఇస్తున్నరు?"

"ఆన్‌లైన్."

"గదెక్కడ? లింగంపేట దిక్కు లైనా?"

అప్పటికి నాకు అర్థమైంది. సేటు వైపు చూశాను. గల్లా పెట్టె వెనక కూర్చున్న మనిషి లేచి నిలబడ్డాడు. ఆయనకూ అర్థమైంది.

ఇంతలో ఒక అవ్వ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. ఊరి అవతలి గూడెం మనిషి. రెండెకరాల మీద ఒంటరిగా బతుకుతోంది. బోరు వేయించుకుంది, సేటు మాట మీద మోటారు కొనుక్కుంది. నారు పోసి పెట్టుకుంది. కాగితం వెనక 'జెల్ది ఇయ్యుండ్రి' అని రాయించింది ఈమే.

"బిడ్డా, గవన్ని నాకు సమజ్ కావు. నా కనెక్షన్ వచ్చిందంటివి. యాడున్నది? చూపెట్టు."

మేనేజరు ఉత్సాహంగా తన కంప్యూటర్ తెరిచి, ఆమె పేరు వెతికి, తెర ఆమె వైపు తిప్పాడు. అవ్వ వంగి చూసింది. తన ఫోటో. పక్కన నా ఫోటో, నవ్వుతూ. ఆమె ఆ తెర వెనక ఏముందో తొంగి చూసింది. మళ్లీ ముందుకు వచ్చింది.

"నా ఫోటువ మంచిగనే వచ్చింది" అంది. "నీళ్లేవి?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకు నేను వెతికిన జవాబులన్నీ కంపెనీ భాషలోనే ఉన్నాయి.

గొణుగుడు మొదలైంది. చూపులన్నీ మేనేజరు మీది నుంచి నా మీదికి, నా మీది నుంచి సేటు మీదికి జరిగాయి. ఒక ముసలాయన లేచి నెమ్మదిగా అన్నాడు. "సేటూ, మాకు గీ సార్లు ఎవలో తెల్వదు. నువ్వు తీస్కో అంటివి. నీ నోటి మాట మీద తీస్కున్నం."

నలభై ఏళ్లుగా ఆ ఊరు ఆ రెండు మాటలతో వ్యాపారం చేసింది. ఆ రోజు అవి పోతే ఆయనకు మిగిలేది రేకుల షెడ్డు. మేనేజరు నా చెయ్యి పట్టి పక్కకు లాగి, "డీలర్ తప్పుగా ప్రచారం చేశాడని చెప్పండి. కంపెనీకి సంబంధం లేదనండి. త్వరగా" అన్నాడు.

అప్పుడు నేను మైకు అందుకున్నాను. గొంతు వణకలేదు. "అన్నలూ, అక్కలూ, తప్పు సేటుది కాదు, నాది. కనెక్షన్ అని నేనన్న. ఏ కనెక్షనో చెప్పలే. అడిగినోళ్లకు కూడ చెప్పలే. కొట్టేదుంటే నన్ను కొట్టుండ్రి" అన్నాను. గాలి ఆగిపోయింది. అవ్వ దగ్గరికి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "నిజం చెప్పినవు బిడ్డా" అంది. ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. డప్పు కొట్టేవాళ్లు కూడా తలలు వంచారు. నా వెనక నుంచి సూర్యకాంతి వస్తున్నట్టు కూడా నాకు గుర్తు.

ఆ పైన జరిగింది చెబుతాను. సేటు మోటార్లన్నీ వాపసు తీసుకున్నాడు. తీసుకోనంటే అడిగేవాడు లేడు, అయినా తీసుకున్నాడు. దరఖాస్తు పెట్టుకోని రైతుల కాగితాలు సంచిలో వేసుకుని, కరెంటు ఆఫీసుకు తానే పోయి వరుసలో నిలబడ్డాడు. అవ్వకు వరుస ప్రకారం మరుసటి ఏడు కరెంటు వచ్చింది. ఆ ఏడు నారు మాత్రం ఎండింది. మేనేజరుకు పై పదవి వచ్చింది. నా ప్రశంసాపత్రం పోస్టులో వచ్చింది. అంత జరిగాక కూడా పంపడం మానలేదు, కంపెనీల నిరంతరత అలాంటిది. ఆ రెండు వందల ఖాతాలు ఇంకా అక్కడే ఉన్నాయి. నా పుట్టినరోజు వస్తే, నాకు శుభాకాంక్షలు చెప్పమని ఆ సైటు వాళ్లందరినీ అడుగుతూ ఉంటుంది.

మీకిప్పుడు వేలల్లో కనెక్షన్లు ఉన్నాయి. మంచిదే. కొత్త మాట ఒకటి పట్టుకుని ఊళ్లోకి పోయినప్పుడు మాత్రం, అది అవతలి మనిషి చెవిలో ఏమని పడిందో ఒక్కసారి అడగండి. ఇంతకంటే పెద్ద నీతి నా దగ్గర లేదు. ఉంటే ఏదో ఒక హోటలు హాలులో చెప్పి డబ్బు తీసుకునేవాణ్ని.

ఇక ఒట్టు వేశాను కాబట్టి ఒక మాట ఒప్పుకోవాలి. భిక్నూర్ బోరు సంగతి మీరు నమ్మకపోయినా నాకు బాధ లేదు. స్తంభాల మాట నిజం, అవ్వ మాట అక్షరం అక్షరం నిజం. నేను కల్పించింది ఒక్కటే. మైకు నేను తీసుకోలేదు.

నాకూ మైకుకూ మధ్య రెండు మూరల దూరం ఉంది. నేను షామియానా కర్ర పట్టుకుని నిలబడ్డాను. ఏరియా మారితే పిల్లల బడి ఏమవుతుందో ఆలోచిస్తున్నాను. సేటు గల్లా పెట్టె వెనక నుంచి బయటికి వచ్చి, మైకు లేకుండానే చెప్పాడు.

"తప్పు నాదే. తమ్మి చెప్పింది గది కాదు. యాడాది సంది నాకు చెవులు సక్కగ ఇనవడుతలేవు. ఆయన ఒకటి చెప్తే నేనొకటి ఇన్న. మోటార్లు వాపస్ తీస్కరాండ్రి."

అందరూ నా వైపు చూశారు, నిజమేనా అన్నట్టు. పక్క సందులో బోల్టు పడితే అది ఏ సైజుదో చెప్పగల చెవులు ఆయనవి. ఆ సంగతి నాకు తెలుసు. నేను తల ఊపాను.

ఆ రోజు నుంచి ఎల్లారెడ్డిలో జనం సేటుతో అరిచి మాట్లాడడం మొదలుపెట్టారు. పాపం, చెవిటి మనిషి అని. ఆయన కూడా చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని "ఆఁ?" అనేవాడు, బతికినన్నాళ్లూ. నేను పోయినప్పుడు మాత్రం మెల్లగానే మాట్లాడేవాణ్ని. ఆయన మెల్లగానే జవాబు చెప్పేవాడు.